శ్రీరామ్మూర్తి హెల్మెట్‌లో కేకు

కూర్మన్నపాలెం జంక్షన్ దాటి లోపలికి వచ్చే మా వీధిలో స్టీల్‌ప్లాంటు ఉద్యోగి ఎవరు రిటైరైనా బేకరీ నుంచి కేకు తెప్పించడం ఉండేది కాదు. రిటైరైన మనిషి ప్లాంటులో పెట్టుకునే తన హెల్మెట్ ఇచ్చేవాడు. జ్ఞానదాసు అందులో కేకు వండేవాడు. అందరూ చూస్తుండగానే హెల్మెట్‌ను తిరగేసి, గుడ్లు కొట్టి, మైదా, పంచదార వేసి, పాలు పోసి, మూత పెట్టి, కింద ఒక కొవ్వొత్తిని అటూ ఇటూ తిప్పితే చాలు. మూత తీసేసరికి గుండ్రటి కేకు సిద్ధంగా ఉండేది. భార్యాభర్తలు దాన్నే కోసేవారు. ఆ తర్వాత హెల్మెట్‌ను మళ్ళీ ఆ మనిషి నెత్తినే పెట్టేవారు. లోపల చుక్క తడి కూడా లేదని అందరికీ తెలియాలి కదా. అది పెట్టుకుని ఆయన నవ్వితే ఫొటో తీసేవారు. మా వీధిలో చాలా ఇళ్ళలో టీవీ పక్కన ఆ ఫొటో కనిపిస్తుంది.

జ్ఞానదాసు ప్లాంటు మనిషి కాడు. ఆటోనగర్‌లో ఒక రేకుల షాపులో పని. గాలి గొట్టాలు, డబ్బాలు, మూతలు చేస్తాడు. భోగాపురం అవతల పల్లెలో మిషను బడిలో చదువుకున్నాడు. ఆ బడికి ఒకసారి ఒక ముసలి గారడీవాడు వచ్చి పెద్దమాస్టారి గొడుగు అరువడిగి, దాన్ని తిరగేసి అందులో గుడ్డట్టు పోశాడట. అట్టు పిల్లలకు పంచి, గొడుగు పొడిగా తిరిగి ఇచ్చేశాడట. మాస్టారు ఆ గొడుగు వేసుకుని వెళ్తుంటే దాని లోపల ఏముందోనని జ్ఞానదాసు ఆయన వెనకాలే తల వంచుకుని నడిచేవాడట. ఈ సంగతి చెప్పినప్పుడల్లా తానే నవ్వేవాడు.

పెద్దయ్యాక రేకు చేతికి వచ్చింది. రేకు వంచడం వచ్చినవాడికి ఆ అట్టు గుట్టు తెలియడానికి ఎంతోసేపు పట్టదు. ఇక్కడ గొడుగులు అరువిచ్చే మాస్టార్లు లేరు. టోపీలు పెట్టుకునేవాళ్ళూ లేరు. ఒక సాయంత్రం డ్యూటీ దిగిన జనం జంక్షన్‌లో టీ తాగుతుంటే, ప్రతి బండి హ్యాండిల్‌కీ ఒక హెల్మెట్ వేలాడుతూ కనిపించిందట. అన్నీ ఇంచుమించు ఒకే కొలత. ఒకసారి గిన్నె చేస్తే అన్నింటికీ సరిపోతుంది. అలా మొదలైంది.

ఇప్పుడు ఈ గుట్టు మా వీధిలో దాపరికం కాదు గనుక చెప్పవచ్చు. ఉన్నవి రెండు రేకు గిన్నెలు. అడుగు గిన్నెలో ఇంట్లో ముందే వండిన కేకు ఉంటుంది. రెండోది లోతైన పళ్ళెంలా దాని మీద బిగుతుగా కూర్చుంటుంది. జనం చూస్తుండగా కొట్టిన గుడ్లూ పోసిన పాలూ ఆ పళ్ళెంలోనే పడతాయి. పైన మూత పెట్టి తీసినప్పుడు పళ్ళెం మూతకు పట్టుకుని వచ్చేస్తుంది. కింద కేకు మిగులుతుంది. ఇవన్నీ తెలిసినా అసలు చిక్కు ఒకటుంది. ఈ గిన్నెలు అరువు హెల్మెట్‌లోకి ఎవరూ చూడకుండా ఎలా వెళ్ళాలి?

అది పుష్పకుమారి పని. జ్ఞానదాసు భార్య.

ఆమె బల్ల పక్కన నిలబడి తువ్వాలు అందించేది. ఆమె పని అంతే అనుకునేవాళ్ళం. జ్ఞానదాసు హెల్మెట్ లోపల చూసి, "ఎన్నేళ్ళ సెమటో ఇది. పుష్పా, తువ్వాలియ్యి," అని అటు చూడకుండానే ఎడమచెయ్యి చాపేవాడు. తువ్వాలు చేతిలో పడేది. "తుడిస్తే సెమట పోతాది గానీ ఉప్పు పోదండి. కేకు ఉప్పగొస్తే నా పూసీ లేదు," అనేది ఆమె. జనం నవ్వేవారు. అందరూ ఆమె మొహం చూసే ఆ రెప్పపాటులో, తువ్వాలు కింద ఉన్న గిన్నెలు హెల్మెట్‌లోకి దిగిపోయేవి. చివర్న కేకు పళ్ళెంలో బోర్లించాక ఖాళీ గిన్నె మళ్ళీ ఆమె తువ్వాల్లోకే వెళ్ళిపోయేది. గారడీ అంతా ఆమె చేతిలో జరిగేది, చప్పట్లు ఆయనకు పడేవి. ఆమె ఆ చప్పట్లు అయ్యేదాకా తువ్వాలు మడిచి గుండెకు ఆనించుకుని నిలబడేది. కేకు వండేది కూడా ఆమే. ఓవెను లేదు. పెద్ద అల్యూమినియం గిన్నెలో ఇసుక పోసి, స్టవ్ మీద వేడి చేసి, ఆ ఇసుకలో కేకు గిన్నె కూర్చోబెట్టేది.

మొన్నటి ఈస్టరు దాటాక ఒక ఉదయం పుష్పకుమారి బట్టలు ఆరేస్తూ అలాగే కూర్చుండిపోయింది. ఆసుపత్రికి చేర్చేసరికే ప్రభువు ఆమెను పిలుచుకున్నాడు.

జ్ఞానదాసు ఏడవలేదు. సమాధి దగ్గర మట్టి వేసి, వచ్చినవాళ్ళందరితో చేతులు కలిపాడు. ఆమె జ్ఞాపకంగా పెట్టిన ఆదరణ కూడిక రోజున భోజనాల దగ్గర తానే వరసలు తిరుగుతూ "కూరేయించుకోండి, కూరేయించుకోండి," అన్నాడు. ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మా చర్చి అయ్యగారు మాత్రం, "కన్నీళ్ళు కూడా ప్రభువు ఇచ్చేవే. ఇచ్చినప్పుడే వస్తాయి, తొందర పెట్టకండి," అని వాళ్ళను ఊరుకోబెట్టారు.

ఆ తర్వాత ఆయన రోజూ పనికి వెళ్ళాడు. ఆదివారం చర్చికి వచ్చాడు. పాటలప్పుడు పుస్తకం తెరిచేవాడు, పేజీ తిప్పేవాడు. ఎవరైనా ఎలా ఉన్నావంటే బాగానే ఉన్నానండి అనేవాడు. నిజంగా బాగానే ఉన్నట్టే ఉండేవాడు. అదే భయంగా ఉండేది.

పక్కింటి చిలకమ్మ గోడ మీదుగా ఒక సంగతి గమనించింది. పొద్దున్నే ఆయన రెండు గ్లాసుల్లో టీ పోస్తాడు. ఒకటి తాగుతాడు. రెండోది కాసేపు అలాగే ఉంచి, చల్లారాక తిరిగి గిన్నెలో పోసి, గిన్నె కడిగేస్తాడు. చిలకమ్మ ఎవరికీ చెప్పలేదు. మర్నాడు అదే వేళకు గోడ దగ్గరికి వచ్చి నిలబడింది.

"టీ ఉందేటన్నియ్యా? మా ఇంట్లో పాలు ఇరిగిపోనాయి."

జ్ఞానదాసు రెండో గ్లాసు అందించాడు. ఆ మర్నాడూ వచ్చింది. పాలు మళ్ళీ విరిగిపోయాయంది. వర్షాలు మొదలై, వర్షాలు వెనకబట్టేదాకా చిలకమ్మ ఇంట్లో రోజూ పాలు విరుగుతూనే ఉన్నాయి. ఆయన ఒక్కసారి కూడా అదేమిటని అడగలేదు.

శ్రీరామ్మూర్తిది మా వీధి చివరి ఇల్లు. ప్లాంటులో క్రేను ఆపరేటరు. జ్ఞానదాసుకు పాత స్నేహితుడు. ఒకళ్ళనొకళ్ళు బావా అని పిలుచుకుంటారు. అందువల్ల పుష్పకుమారికి ఆయన అన్నయ్య, ఆయన భార్య రోజారమణికి జ్ఞానదాసు అన్నయ్య. ఒకళ్ళది గుడి, ఒకళ్ళది చర్చి. వరసలకు అది అడ్డం రాలేదు. ఎవరి కేకు కోస్తున్నా పక్కన నిలబడి శ్రీరామ్మూర్తి, "ఇందులో జీడిపప్పు లేదు. నా దాంట్లో ఉండాల," అనేవాడు. "నీ రిటైర్మెంటు రానియ్యన్నయ్యా. కేకు కనపడకుండా జీడిపప్పేత్తాను," అనేది పుష్పకుమారి. ఏళ్ళ తరబడి ఇదే మాట. ఇప్పుడు ఆ రిటైర్మెంటు వచ్చింది. నవంబరు ఆఖరికి ఆయన డ్యూటీ అయిపోతుంది.

ఒక మధ్యాహ్నం శ్రీరామ్మూర్తి ఆటోనగర్‌కు వెళ్ళాడు. షాపు బయట స్కూటరు ఆపి, దాని మీదే కూర్చున్నాడు.

"ఏటి సేత్తన్నావ్ బావ?"

"డక్టు మూతలు. పరవాడ ఆర్డరు."

"నా లాస్ట్ డ్యూటీ దగ్గరికొచ్చీసింది."

"తెలుసు."

"మా రోజా బేకరీలో సెప్పీద్దాం అంటంది. నాను ఆగమన్నాను. నిన్ను సెయ్యమని బలవంతం కాదు. నువ్వు ఒద్దు బావ అంటే అప్పుడు సెప్పుకుంటాం. నీ నోటమ్మట రావాల గదా."

జ్ఞానదాసు రేకు మీద గీత గీస్తున్నాడు. గీత పూర్తయ్యేదాకా తలెత్తలేదు.

"పుష్పనడిగి సెప్తాను బావ," అన్నాడు.

పక్క షాపులో ఎవరో ఇనుము మీద కొడుతున్నారు. శ్రీరామ్మూర్తి స్కూటరు అద్దాన్ని కాస్త ఇటు తిప్పి, మళ్ళీ అటు తిప్పాడు.

"అలగే. అడుగు," అన్నాడు.

ఇంటికి వచ్చి ఈ మాట రోజారమణికి చెప్పి చాలాసేపు గుమ్మంలో కూర్చున్నాడట. ఆమె ఇక బేకరీ మాట ఎత్తలేదు. నాలుగు రోజులు పోయాక జ్ఞానదాసే వాళ్ళ ఇంటికి వచ్చి, చెప్పులు విడవకుండా గుమ్మం బయటే నిలబడి, "సేత్తాను బావ. హెల్మెట్ కడక్కండి. వాడింది వాడినట్టే తెండి," అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఈసారి అందించే చెయ్యి లేకుండా ఎలా చేస్తాడన్నదే గుట్టు తెలిసిన ఇద్దరు ముగ్గురికీ బెంగ. హెల్మెట్ అరువు తీసుకుని, అందరిలో కేకు రాకపోతే, ఇన్నేళ్ళూ అది పుష్పకుమారి వల్లే నడిచిందని ఆమె లేని సభలో తేలిపోతుంది. ఆయన దాన్ని తట్టుకుంటాడా? ఆయన కూతురు దీనా గాజువాకలో నర్సు. ఆ అమ్మాయి ఫోన్ చేసి బతిమాలింది.

"నాన్నా, నాను డ్యూటీ మార్పించుకుని వత్తాను. తువ్వాలు నానిత్తాను."

"నీకు సెయ్యి తెలీదమ్మా. మీ అమ్మ వేళ్ళ పట్టు ఏరు. కుర్చీ మీద ఎట్టుకుంటాను. నానే తీసుకుంటాను."

"సరిగ్గా రాపోతే?"

"వత్తాది."

నిజంగానే ఆయన ఇంట్లో సాధన చేశాడు. బల్లకు ఎడమవైపు కుర్చీ వేసి, దాని మీద తువ్వాలు చుట్టిన గిన్నెలు పెట్టి, అటు తిరిగి, వంగి, తీసుకుని, హెల్మెట్ మీదికి తేవడం. చిలకమ్మ కిటికీలోంచి చూసింది. బాగానే చేస్తున్నాడట. ఒక్క మాట మాట్లాడకుండా, రేకు పని చేసినట్టు చేస్తున్నాడట.

శ్రీరామ్మూర్తి సభ ఆదివారం సాయంత్రం. ముందు రోజు శనివారం జ్ఞానదాసు అటక మీంచి ఇసుక గిన్నె దించాడు. కేకు వండటం ఆయన ఎప్పుడూ చూశాడే గాని చేయలేదు. మొదటిది అడుగు మాడిపోయింది. ఆ వాసనకు చిలకమ్మ వచ్చి వంటింటి గుమ్మం అవతలే నిలబడింది.

"శనోరం నాను గుడ్డు ముట్టను. నువ్వు కొట్టు, నాను సెప్తాను."

"సెప్పు."

"ముందు ఆ సెగ తగ్గించు. కొలిమి అనుకున్నావేటి? వదిన సిన్న మంట మీద పెట్టీసి, నాతో కబుర్లాడీది. ఆ కబుర్లయ్యేసరికి అయిపోయీది."

"ఎంతసేపు?"

"కబుర్లకి లెక్కుంటాదేటన్నియ్యా."

కాబట్టి చిలకమ్మ గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని కబుర్లు చెప్పింది. వాళ్ళ ఊళ్ళో అమ్మవారి పండగ గురించి, మోకాలి నొప్పి గురించి, అల్లుడు కొన్న ఫ్రిజ్ గురించి. జ్ఞానదాసు స్టవ్ ముందు నిలబడి ఊఁ కొట్టాడు. ఆమె కబుర్లు అయ్యేసరికి కేకు అయింది. చక్కగా పొంగింది. జీడిపప్పు కనిపిస్తోంది. చిలకమ్మ దూరం నుంచే మెడ సాచి చూసి, "వదినదిలాగే వచ్చింది," అంది. ఆయన దాన్ని గిన్నెతో సహా తువ్వాల్లో చుట్టి పైన పెట్టాడు. చేయి కడుక్కున్నాడు. సంతోషమేమీ మొహంలో లేదు.

ఆదివారం సాయంత్రం మా వీధివాళ్ళమంతా జంక్షన్‌లో మేడ మీద ఉన్న హాలుకు వెళ్ళాం. వేదిక మీద శ్రీరామ్మూర్తి, రోజారమణి బంతిపూల దండలతో కూర్చున్నారు. ఆయనతో పని చేసిన ఎల్లాజీ మైకు పట్టుకున్నాడు. క్రేను మీదికి ఎక్కాక శ్రీరామ్మూర్తి కిందికి దిగేవాడు కాదనీ, టిఫిను కూడా తాడు కట్టి పైకి లాక్కునేవాడనీ చెప్పి నవ్వించాడు. "మా మూర్తి బావకి భూమ్మీద నడవడం రేపట్నించే మొదలు. రోజక్కా, మెల్లిగా నడిపించు," అన్నాడు.

తర్వాత జ్ఞానదాసును పిలిచారు.

తెల్ల చొక్కా వేసుకున్నాడు. బల్ల మీద కోడిగుడ్లు, మైదా డబ్బా, పంచదార, పాల చెంబు, మూత, కొవ్వొత్తి వరసగా పెట్టాడు. ఎడమవైపు కుర్చీ. దాని మీద తువ్వాలు మూట. శ్రీరామ్మూర్తి లేచి హెల్మెట్ రెండు చేతులతో ఇచ్చాడు. పసుపు రంగుది, అంచులు నల్లబడిపోయాయి. జ్ఞానదాసు దాన్ని తిరగేసి అందరికీ చూపించాడు. లోపల చూశాడు.

"ఎన్నేళ్ళ సెమటో ఇది," అన్నాడు. "పుష్పా, తువ్వాలియ్యి."

అని, అటు చూడకుండానే ఎడమచెయ్యి చాపాడు.

ఆ చెయ్యి గాలిలో అలాగే ఉంది. ఆమె మాట రావాల్సినంత సేపు ఆయన ఆగాడు. జనం నవ్వు రావాల్సినంత సేపు ఆగాడు. తర్వాత చెయ్యి వెనక్కి తీసుకుని, ఆ ఉత్తచేత్తోనే హెల్మెట్ లోపలంతా తుడిచాడు. పైనుంచి కిందికి, అంచు చుట్టూ, నెమ్మదిగా. వెనక వరసలో ఎవరో అదీ గారడీలో భాగమే అనుకుని నవ్వారు. పక్కనున్నవాళ్ళు ఆపారు.

జ్ఞానదాసు హెల్మెట్‌ను బల్ల మీద పెట్టి గుడ్డు కొట్టాడు. అది నేరుగా హెల్మెట్‌లో పడింది. రేకు మీద పడే చప్పుడు వేరు. ఇది మెత్తగా వచ్చింది. ఇంకో గుడ్డు కొట్టాడు. ఇంకొకటి. మైదా వేశాడు. పిండి లోపలి పట్టీలకు అంటుకుని తెల్లగా నిలబడింది. పాల చెంబు ఎత్తి, అప్పుడు లోపలికి చూశాడు.

చూసి అలాగే నిలబడిపోయాడు. భయం లేదు, సిగ్గు లేదు. దారిలో బస్సు ఆగిపోతే కిటికీలోంచి చూస్తున్న మనిషిలా ఉన్నాడు. ఎల్లాజీ మైకు దించేశాడు. ఏదో తప్పిందని హాలంతటికీ తెలిసిపోయింది. మా అయ్యగారు కళ్ళు మూసుకున్నారు.

రోజారమణి లేచింది. దండతోనే లేచి, కుర్చీ దగ్గరికి నడిచి తువ్వాలు మూట తీసింది. ఎత్తగానే ఆమె చేతులు కాస్త కిందికి దిగాయి. అంత బరువుంటుందని ఆమె అనుకోలేదు. లోపల రేకు చిన్నగా చప్పుడు చేసింది. ఆమె మొహం చూస్తే అర్థమైంది, ఇన్నేళ్ళూ పుష్పకుమారి ఏం పట్టుకుని నవ్వుతూ నిలబడిందో ఆమెకు అప్పుడు తెలిసిందని. రెండో చెయ్యి మూట కింద పెట్టి జాగ్రత్తగా పట్టుకుని, తువ్వాలు అంచులు వేలాడేలా సర్దుకుని, బల్ల దగ్గరికి వచ్చింది.

"అన్నియ్యా, తువ్వాలు," అంది.

జ్ఞానదాసు ఆమె వైపు చూశాడు. తువ్వాలు వైపు చూశాడు.

"మా ఆయన సెమట అంత తొందరగా పోదు. గట్టిగా తుడువు," అంది రోజారమణి.

ఆయన అందుకున్నాడు. గిన్నెలు హెల్మెట్‌లోకి దిగాయి. అడుగున ఉన్న గుడ్లూ పిండీ నలిగి అంచుల దాకా పైకి వచ్చాయి. తువ్వాలు తీశాడు. మిగిలిన గుడ్లు కొట్టాడు, మైదా, పంచదార వేశాడు, పాలు పోశాడు. మూత పెట్టాడు. కొవ్వొత్తి వెలిగించి కింద తిప్పాడు. మూత తీశాడు. కేకు వచ్చింది. పళ్ళెంలో బోర్లించగానే రోజారమణి తువ్వాలు పట్టింది, గిన్నె అందులోకి వెళ్ళింది. ఆమె దాన్ని మడిచి గుండెకు ఆనించుకుంది. ఎలా నిలబడాలో ఎవరూ చెప్పలేదు.

చప్పట్లు గట్టిగా పడ్డాయి. భార్యాభర్తలు కేకు కోశారు. శ్రీరామ్మూర్తి మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, "జీడిపప్పుంది," అన్నాడు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ ఎల్లాజీ అలవాటు కొద్దీ మైకులో అనేశాడు. "ఏదీ, మూర్తి బావ హెల్మెట్ పెట్టుకోవాల మరి. సుద్దంగా ఉందో లేదో..." అని, మాట నోట్లో ఉండగానే తానేమన్నాడో తెలిసి నాలిక్కరుచుకున్నాడు. పిల్లలు అప్పటికే పెట్టుకో పెట్టుకో అని అరవడం మొదలుపెట్టారు.

హెల్మెట్ జ్ఞానదాసు చేతుల్లో ఉంది. ముందు వరసలోవాళ్ళకు పచ్చి గుడ్డు వాసన వస్తోంది. ఆయన నోరు తెరిచాడు. వద్దు అనబోయాడని నా నమ్మకం.

శ్రీరామ్మూర్తి ఆయన చేతుల్లోంచి హెల్మెట్ తీసుకున్నాడు. లోపలికి చూశాడు. పెట్టుకున్నాడు. ఒక చేత్తో పైనుంచి నొక్కుకున్నాడు కూడా.

"సుద్దంగా ఉంది," అన్నాడు.

పచ్చసొన ఒక సన్నటి చారలా చెవి వెనక నుంచి జారి మెడలోని బంతిపూల మీద పడింది. పూల రంగులో కలిసిపోయింది. పిల్లలకు కనిపించలేదు. పెద్దవాళ్ళు కనిపించనట్టు చప్పట్లు కొట్టారు. తర్వాత శాలువా కప్పారు, ఇద్దరు పెద్దలు మాట్లాడారు, ఫొటోలు తీశారు. అంతసేపూ శ్రీరామ్మూర్తి హెల్మెట్ తీయలేదు. రోజారమణి అప్పుడప్పుడు దండ సర్దుతున్నట్టు వంగి, కొంగుతో ఆయన మెడ తుడిచింది.

భోజనాలకు అందరూ కూర్చున్నాక ఇద్దరు స్నేహితులూ హాలు వెనక గిన్నెలు కడిగే కొళాయి దగ్గరికి వెళ్ళారు. శ్రీరామ్మూర్తి చొక్కా విప్పి తల వంచాడు. జ్ఞానదాసు చెంబుతో నీళ్ళు పోశాడు. పిండి ముద్దలు జారిపడ్డాయి.

"పచ్చి గుడ్డు రాత్తే జుట్టు మొలుత్తాదంట బావ. నా బోడిగుండుకి మొలిసిందనుకో, ఊరంతా నీ ఎనకాలే పడతాది," అన్నాడు శ్రీరామ్మూర్తి.

జ్ఞానదాసు ఇంకో చెంబు పోశాడు.

"ఏటైపోనాదిప్పుడు. తువ్వాలు మర్చిపోయావు. అంతే గదా."

"మర్చిపోలేదు బావ."

చెంబు నిండేదాకా కొళాయి కింద పట్టాడు.

"సెయ్యి సాపేను. ఇచ్చీసింది అనుకున్నాను. తుడిసీసేను కూడా. తువ్వాలు తడి సేతికి తగిలింది." కొళాయి కట్టేశాడు. "పుష్ప లేదు బావ. ఎల్లిపోనాది."

శ్రీరామ్మూర్తి తల ఎత్తలేదు. వంచిన తల వంచినట్టే ఉంచి, "ఊఁ," అన్నాడు. తర్వాత, "ఇంకో సెంబు పొయ్యి బావ. మెడ మీద ఇంకా జిగురుగానే ఉంది," అన్నాడు.

జ్ఞానదాసు పోశాడు. చేత్తో మెడ రుద్దాడు. ఆయన భుజాలు కదలడం చేతులు కడుక్కోవడానికి వచ్చిన ఒకరిద్దరికి కనిపించింది. వాళ్ళు ఇంకో కొళాయికి వెళ్ళారు.

"ఎల్లాజీది వచ్చే ఏడు," అన్నాడు జ్ఞానదాసు చివరకు. "వాడికి బేకరీలో సెప్పుకోమను."

"సెప్తాను."

"హెల్మెట్ నాను పట్టుకెళ్తాను. పట్టీలు ఊడదీసి కడగాల. లేపోతే వాసనొచ్చీసుద్ది. అరువు సామాను ఇలగిచ్చీడం బాగోదు."

శ్రీరామ్మూర్తి వద్దనలేదు.

మర్నాడు సాయంత్రం జ్ఞానదాసు పనికి వెళ్ళలేదని తెలిసింది. పొద్దున చిలకమ్మ గోడ దగ్గరికి వస్తే ఒక్క గ్లాసే ఉందట. ఆయన దాన్నే ఆమెకు ఇవ్వబోతే, "మా పాలు ఇయ్యాల బాగున్నాయన్నియ్యా, నువ్వు తాగు," అని లోపలికి వెళ్ళిపోయిందట.

పొద్దుగూకే ముందు ఆయన హెల్మెట్ పట్టుకుని వీధి చివరి ఇంటికి వెళ్ళాడు. సబ్బుతో తోమి, ఎండబెట్టి, పట్టీలు మళ్ళీ ఎక్కించి ఉంది. ఆయన కళ్ళు బాగా వాచి ఉన్నాయి. రోజారమణి చూసింది, అడగలేదు. హెల్మెట్ తీసుకుని టీవీ పక్కన పెట్టింది. ముందు గదిలో ఫ్యాను కింద కుర్చీ వేసి, మంచినీళ్ళు ఇచ్చి, "ఆయన పెరట్లో ఉన్నాడు, పిలుత్తాను కూకో అన్నియ్యా," అంది.

ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చి కూర్చున్నాడు.